నక్షత్రం ముందు ఖాళీ

తప్పు నాదే.
కిహ్ను దీవిలో కంప్యూటర్లు చూసేది నేనొక్కణ్ణే,
బడి వదిలాక, సైకిలు మీద వెళ్ళి.
చోటు చాలడం లేదంది మాల్లె.
పాతవి తుడిచేద్దామన్నాను.
ఆర్, ఎమ్, ఆ తర్వాత పాత అనే మాట,
దాన్ని అంటుకుని ఒక నక్షత్రం రావాలి.
బొటనవేలు జారింది.
మాటకీ నక్షత్రానికీ మధ్య
ఒక ఖాళీ పడింది.

లైనక్స్ "నిజంగానా?" అని అడగదు.
చెప్పింది చెప్పినట్టు చేసి
డాలరు గుర్తు పెట్టి
తర్వాతి మాట కోసం చూస్తూ కూర్చుంటుంది.

పోయినవి చేతితొడుగుల పటాలు.
ఇంటింటికీ వెళ్ళి, చిరిగిన తొడుగుల్ని విప్పి
కుట్టు తర్వాత కుట్టు లెక్కపెట్టి
గళ్ళకాగితం మీద మాల్లె నింపుకున్న గడులు.
స్కాన్ అయ్యాక ఆ కాగితాలు పొయ్యిలోకి పోయాయి.
ఇంకెందుకవి అన్నదీ నేనే.

ఆమె ఏమీ అనలేదు.
కాఫీ పోసింది. రై రొట్టె కోసింది.
అదే భరించలేకపోయాను.

ప్లగ్గు పీకేశాను.
ఇక ఈ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు, చెప్పాను.
తుడవడమంటే పద్దులో పేరు కొట్టెయ్యడమే.
మనిషి ఇంట్లోనే ఉంటాడు,
మరొకరొచ్చి ఆ గది తీసుకునేదాకా.
"మరి మనం అడుగుల చప్పుడు కాకుండా నడవాలన్నమాట"
అంది మాల్లె.
నేను చదివిన ఏ పుస్తకమూ అంత తేలిగ్గా చెప్పలేదు.

రాత్రంతా ఆ పాత డిస్కు గిర్రున తిరుగుతూ
లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేసింది.
గడి తర్వాత గడి, మొదలుతుది లేని తవ్వకం.
చేతులు కాలాక పట్టుకునే ఆకులు ఇవేనేమో,
కానీ పట్టుకున్నాను.

తెల్లారేసరికి పదకొండు వేల ఫైళ్ళు.
ఒక్కదానికీ పేరు లేదు.
ఎఫ్, వెనక ఏడంకెలు. అంతే.
పడవ వేళల పట్టిక నలభైసార్లు.
ఎప్పుడో చూసిన అంగడి తాలూకు గోరంత బొమ్మలు.
ఎవరిదో పిల్లి.
తొడుగుల పటాలు డెబ్బైమూడు,
కొన్ని నిండుగా, కొన్ని నడుం దాకా,
కింద సగం బూడిద రంగు.

ఇంకా, ఒక ఉత్తరం.
"ఆయివార్, నేను ఆ రోజు పడవ ఎక్కనిది" అని మొదలై
కిందికి చాలా దూరం నడిచింది.
నేను రెండో వాక్యం దగ్గర మూసేశాను.
నిజం చెప్పాలంటే మూడోదాని దగ్గర.

మాల్లె వెనకే నిలబడి ఉంది.
"అది నేను తుడిచిందే" అంది.
"పదహారేళ్ళయింది."
నీ పటాల్లో సగం కంటే
అదే చెక్కు చెదరకుండా ఉంది, అని నేననలేదు.

"తుడిస్తే పోదని చెప్పావు.
ఏం చేస్తే పోతుంది?"

దాని మీద ఇంకేదో రాయాలి. అర్థం లేనిదేదైనా.
ఒక్కసారి చాలకపోవచ్చు, మూడుసార్లు.
ఉత్తరం ఏ గడుల్లో ఉందో ఎవరు చెప్పగలరు,
డిస్కు మొత్తం తిరగరాయాలి.
పటాలు వేరే డిస్కులోకి తీసుకున్నాం.
రెండుసార్లు తీసుకున్నాం.
ఈసారి కాగితం మీదా వేశాం.

ఆజ్ఞ నేను టైపు చేశాను.
ఖాళీలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ
పైకి చదివాను.
ఎంటర్ మాత్రం ఆమె నొక్కింది.
ఊలు తెచ్చుకుని పక్కన కూర్చుంది.
మొదటి చుట్టు. రెండో చుట్టు.
మూడోది అయ్యేలోపు
కిటికీ అవతల సముద్రం కనపడటం మానేసింది.
ఆమె ఏడ్చిందో లేదో తెలీదు.
సూదులు ఆగలేదు.

క్రిస్మస్‌కి ముందు నాకొక జత పంపింది.
ఎర్రవీ నల్లవీ గడులు మణికట్టు నుంచి ఎక్కుతూ
అరచేతి మధ్యకొచ్చి ఆగిపోయాయి.
అక్కణ్ణుంచి వేళ్ళ కొసలదాకా
బూడిద రంగు ఊలు.
ఊహించి నింపొచ్చు కదా అన్నాను.

"నాకు తెలియని కుట్టు
నేనెందుకు వేస్తాను" అంది.

చలికి పనికొస్తాయి.
కీబోర్డు మీద వేసుకోలేను.